కాంట్రాక్టరు బిల్లు పాసయ్యే ముందు వాడేవాళ్లను పిలవండి

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా చండూరు దగ్గరి ఊళ్లో వడ్రంగి పని చేస్తాను. మా తాత, మా నాన్న చేసిన పనే. ఇప్పుడు నాగళ్లు లేవు, ఎడ్లబండ్లు లేవు. దర్వాజలు, కిటికీలు, మగ్గం సామాను, అప్పుడప్పుడు బడి బెంచీలు చేస్తుంటాను. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇందిరమ్మ ఇళ్లు లేస్తున్నాయి, ఆఫీసులకు కొత్త భవనాలు వస్తున్నాయి, బస్ షెల్టర్లు కడుతున్నారు. ఇంత పని జరుగుతున్న కాలంలోనే చెప్పకపోతే తర్వాత చెప్పి లాభం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా విన్నపం ఇది. ప్రజల సొమ్ముతో ఏది కట్టినా, ఏది కొన్నా, బిల్లు పాసయ్యే ముందు దాన్ని వాడబోయేవాళ్లలో అందరికన్నా కష్టపడే మనిషిని పిలవాలి. కర్ర పట్టుకుని నడిచే ముసలవ్వను, చక్రాల కుర్చీలో తిరిగే పిల్లవాణ్ని, చంకలో బిడ్డ ఉన్న తల్లిని. అధికారుల ముందు, కాంట్రాక్టరు ముందు వాళ్లు ఎక్కి దిగి చూడాలి. వాళ్లతో కాకపోతే సరిచేసేదాకా బిల్లు ఆపాలి.

మా పనిలో మొదట నేర్పేది కొలత. నాగలి చెయ్యమని రైతు వస్తే మా నాన్న ముందు ఆ మనిషిని వాకిట్లో నిలబెట్టేవాడు. మేడి, అంటే నాగలి పిడి, ఆయన చేతికి కుదరాలి. పొట్టి మనిషికి మేడి ఎత్తయితే భుజాలు లేస్తాయి. పొడుగు మనిషికి కురచయితే పొద్దుగూకేసరికి నడుము పట్టేస్తుంది. కాడి చేసే ముందు ఎడ్ల మెడలు చేత్తో తడిమి చూసేవాడు, ఎక్కడ కదుము కట్టిందో, ఏ ఎద్దు పొట్టిదో. పార కామకూ అంతే, కొడవలి పిడికీ అంతే. కోతకు పోయే ఆడవాళ్లు పిడి పట్టి చూసి, లావనిపిస్తే అక్కడే కూర్చుని చెక్కించుకుని పోయేవాళ్లు.

అప్పట్లో ఈ పనులకు చేతిలో డబ్బులు పడేవి కావు. పంట కల్లానికి వచ్చినప్పుడు మా కూలి కింద ధాన్యం, మేర అంటారు, కొలిచేవాళ్లు. అప్పటిదాకా ఆ నాగలి మా కళ్ల ముందే దున్నేది. మేడి ఊగితే తెల్లారేసరికి రైతు మా ఇంటి ముందు ఉండేవాడు. పని బాగా లేకపోతే కల్లం కాడ నలుగురిలో మాట పడాల్సి వచ్చేది. ఆ పద్ధతిలో పేదరికమూ ఉంది, కులం పేరు మీద చాకిరీ కూడా ఉంది. అది మళ్లీ రావాలని నేను ఎన్నడూ కోరను. కాకపోతే, చేసిన మనిషి వాడే మనిషికి ఎదురుపడక తప్పేది కాదు. ఇవాళ ఆ లంకె పూర్తిగా తెగిపోయింది. కొలతలు ఒక ఆఫీసు ఇస్తుంది, కాంట్రాక్టరు కడతాడు, పైసలు ఇంకో ఆఫీసు ఇస్తుంది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, కూర్చునేవాళ్లు వేరే. వాళ్ల మాటకు ఫైలులో చోటే లేదు.

ఒక ర్యాంపు సంగతి చెబుతాను. మా జిల్లాలోనే ఒక సర్కారు ఆఫీసు, పేరు అక్కర లేదు. నేల మట్టం నుంచి లోపలి గచ్చు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది. పక్కన ర్యాంపు కట్టారు. పొడవు ఎనిమిది అడుగులు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. ఆ లెక్కన అక్కడ ముప్పై అడుగులు ఉండాలి. ఎనిమిది అడుగుల్లో ముగిస్తే ఆ వాలు మీద చక్రాల కుర్చీని ఇద్దరు మగవాళ్లు తోసినా ఎక్కదు. దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. పైగా నున్నటి గ్రానైట్ పరిచారు, వాన చినుకు పడితే చెప్పు నిలవదు. పక్కన స్టీలు కడ్డీ ఉంది. దాన్ని గోడకు ఎంత దగ్గరగా బిగించారంటే పిడికిలి దూరదు. గోడకూ కడ్డీకీ నడుమ రెండంగుళాల సందు ఉంటే చాలు, చెయ్యి చుట్టూ పడుతుంది. స్థలం లేదని అక్కడివాళ్లు అన్నారు. పదిహేను అడుగులు పోయి, మలుపులో చక్రాల కుర్చీ తిరిగేంత చదును వదిలి, మళ్లీ పదిహేను అడుగులు వెనక్కి తిప్పితే అదే స్థలంలో సరిపోతుంది. మెట్లు తిప్పడం తెలిసిన ఏ మేస్త్రీ అయినా ఇది చేస్తాడు. ఆ ర్యాంపుకు ఖర్చయితే అయింది, దాని మీద ఒక్క చక్రాల కుర్చీ ఎక్కడం నేను చూడలేదు. ఆఫీసు వాళ్లు దాని మీద మోటార్ సైకిళ్లు ఎక్కించి నీడన పెట్టుకుంటున్నారు.

చట్టం లేక కాదు ఇలా జరుగుతున్నది. 2016లో పార్లమెంటు దివ్యాంగుల హక్కుల చట్టం చేసింది. నిబంధనల ప్రకారం లేని భవనానికి కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదని, అందులోకి పోనివ్వకూడదని 44వ సెక్షన్ చెబుతున్నది. 2024 నవంబర్ 8న, దివ్యాంగులకు అందుబాటు గురించి రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఈ కొలతలు ఇష్టమైతే పాటించే సూచనల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక రాసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. అంతటి మాట ఢిల్లీ నుంచి మా మండలం దాకా రావాలంటే బిల్లు మీద సంతకం పెట్టే చోటే దాన్ని కట్టెయ్యాలి. వేరే దారి నాకు కనపడటం లేదు.

ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నల్లగొండ దవాఖానకు ఒక్కతే పోయి చూపించుకుని వస్తున్న అవ్వలను చూస్తున్నాను. అంతకుముందు కొడుకు చేతిలో పైసలు ఆడేదాకా ఆగేవాళ్లు. ఇంత మేలు చేసిన పథకం బస్సు మొదటి మెట్టు దగ్గర ఇబ్బంది పెడుతున్నది. మా దగ్గర తారు రోడ్డు ఎత్తులో ఉంటుంది, పక్కన మట్టి దిగువన ఉంటుంది. బస్సు తారు మీద ఆగుతుంది, అవ్వ మట్టిలో నిలబడి ఉంటుంది. అక్కడి నుంచి మెట్టు ఆమె మోకాలు దాటి ఉంటుంది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చీర కుచ్చెళ్లు, కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఎక్కడిది? వెనక నుంచి ఎవరో ఎత్తి తోస్తారు. "నూకకు బిడ్డా, మోకాలుచిప్ప గుద్దుకుంటది" అని బతిమాలుకుంటూ ఎక్కుతారు.

బస్సులు మార్చడం పెద్ద ఖర్చు, ఆర్టీసీ మెల్లగా చేసుకోవాలి. బస్సు ఆగే చోట తారు కన్నా తొమ్మిదంగుళాల ఎత్తున, రెండు తలుపుల పొడవునా ఒక అరుగు కట్టడం పంచాయతీతోనే అవుతుంది. డ్రైవర్ దానికి ఆనించి ఆపితే చాలు. అలాగే బస్ షెల్టర్లు కట్టేటప్పుడు మూడు వైపులా గోడ లేపుతున్నారు. లోపల కూర్చుంటే వచ్చే బస్సు కనపడదు. అందుకే జనం నీడను వదిలి రోడ్డు మీద ఎండలో నిలబడుతున్నారు. బస్సు వచ్చే వైపు గోడలో, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఒక కిటికీ వదలమని చెప్పడానికి అక్కడ రోజూ నిలబడే మనిషిని ఒక్క మాట అడిగితే సరిపోయేది.

పట్నంలో కాలేజీ పిల్లలు దీన్ని సోషల్ డిజైన్ అనే పేరుతో చదువుతున్నారు. 1979లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో దేశదేశాల వాళ్లు సమావేశమై, డిజైన్ పేద దేశాల బాగు కోసం పనికిరావాలని ప్రకటన చేశారు. మంచిదే. అయితే మా ఉమ్మడి నల్లగొండలో ఈ చదువు చదవకుండానే చేసి చూపించిన మనిషి ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసే మిషన్ చేసినాయన.

ఆసు పోయడం చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా నాన్న పుట్టపాక, గట్టుప్పల నేతగాళ్లకు ఆసులు చేసి ఇచ్చేవాడు, ఆ ఇళ్లలో నేను పెరిగాను. నూలుకు ముడులు కట్టి రంగులద్దే చిటికీ చీర నెయ్యాలంటే, రంగులు అద్దక ముందే నూలును లెక్క ప్రకారం సర్దాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక వైపు అర్ధచంద్రంలా మేకులు వరసగా ఉంటాయి, ఎదురుగా ఒక మేకు ఉంటుంది. దారాన్ని అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి పక్క మేకుకు, మళ్లీ అక్కడికి చుట్టుతూ పోవాలి. నడుమ దూరం ఒక మీటరు దాకా ఉంటుంది. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అలా పోయి రావాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మగ్గం మీద కూర్చున్న మగమనిషి పేరు చీరకు వస్తుంది, ఆసు పోసిన ఆడమనిషికి భుజం నొప్పి మిగులుతుంది. రాత్రి పడుకునే ముందు వేడి నీళ్లలో గుడ్డ ముంచి భుజానికి కాపడం పెట్టుకోని ఇల్లు ఆ వాడల్లో నాకు గుర్తు లేదు.

మల్లేశం ఆరో తరగతితో బడి మానేశాడు. వాళ్లమ్మ లక్ష్మి భుజం, మోచెయ్యి పట్టేసి ఇక ఆసు పొయ్యలేనని ఏడిస్తే మిషన్ చెయ్యాలని పట్టు పట్టాడు. 1992లో మొదలుపెట్టి 1999లో పూర్తి చేశాడు. నాలుగు గంటలు పట్టే ఆసు గంటన్నరలో అయ్యింది, అదీ చెయ్యి ఊపకుండా. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. వడ్రంగిగా నేను ఆయనలో గౌరవించేది ఆయన పట్టుదలను మాత్రమే అనుకోకండి, పట్టుదల ఉండి పనికిరాని మిషన్లు చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన ముందు ఒకే మనిషి ఉన్నది. ఆమె చెయ్యి ఏ చోట ఆగుతుందో, దారం ఎక్కడ తెగుతుందో, ఎంత బిగువు కావాలో రోజూ ఇంట్లోనే చూశాడు. చేసిన ప్రతి భాగాన్నీ ఆ పని తెలిసిన చేతులే చూశాయి. అందుకే మా నేతగాళ్ల ఇళ్లలో అది మూలన పడకుండా నడుస్తున్నది.

ఇలాంటిదే జైపూర్ కాలు. విదేశీ పద్ధతి కృత్రిమ కాలుకు బూటు తప్పదు, దానితో నేల మీద బాసిపట్టు వెయ్యలేరు, మడిలో దిగలేరు. రాంచందర్ శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి 1960లలో రబ్బరు పాదం చేశారు. వట్టి కాళ్లతో పొలంలోకి పోయే మనిషి కోసం చేసిన పాదం అది. డాక్టరుతో సమానంగా చేతిపనివాణ్ని కూర్చోబెట్టినందుకే అది కుదిరిందని నా నమ్మకం.

మంచిగా చేసిన వస్తువు కూడా తర్వాత వెనక్కి వచ్చి చూసుకోకపోతే ఏమవుతుందో మా జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఊరి బోరింగు సంగతి తీసుకోండి. ఇండియా మార్క్ టూ అని 1970లలో మన దేశంలోనే రూపొందిన చేతి పంపు. అంతకుముందు విదేశీ నమూనాలో వచ్చిన పోత ఇనుప పంపులు ఒక ఇంటి వాడకానికి సరిపోయేవి, ఊరంతా కొడితే విరిగేవి. ఈ పంపు పొద్దున్నించి రాత్రిదాకా ఊరంతా కొట్టినా తట్టుకుంది. యంత్రంగా దానికి నేను దండం పెడతాను. కానీ మా నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి, ఆ రాతిలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంటారు. దానికి ఎన్నో రెట్లు ఎక్కువున్న నీళ్లను తరాల తరబడి తాగాం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, ఈ వైపు ఏ ఊరికి పోయినా వంగిన ఎముకలు కనిపిస్తాయి.

అప్పుడు మా జిల్లా పేరు మీదే ఒక పద్ధతి వచ్చింది. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారు చేసిన నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి, పైన తేటను పట్టుకోవాలి. బిందెకు అడుగున కాకుండా కొంచెం పైన నల్లా పెట్టుకోవాలి. శాస్త్రం సరైనదే, ఖర్చూ తక్కువే. మరి ఇళ్లల్లో ఎందుకు నిలవలేదు? పటిక ఎంత వెయ్యాలన్నది ఒక్కో బోరు నీటికి ఒక్కో లెక్క. పొద్దున్నే పొయ్యి వెలిగించి, పిల్లల్ని తయారు చేసి, పత్తి చేనుకు కూలికి పోయే ఆడమనిషి ఆ లెక్క ఎప్పుడు చూడాలి, గంటసేపు ఎప్పుడు ఆగాలి? అడుగున మిగిలిన ఫ్లోరైడ్ మడ్డిని ఎక్కడ పారబొయ్యాలి? ఆ పని మొత్తం ఆమె నెత్తిన పెట్టిన పద్ధతి అది. తర్వాత ఏళ్లకు కృష్ణ నీళ్లు శుద్ధి చేసి పైపుల్లో తెచ్చారు. చౌటుప్పల్‌లో 2015లో మిషన్ భగీరథ పైలాన్ పెట్టారు, నల్లా ఇంటికి వచ్చింది. ఆ పైపు ఆడవాళ్ల నుంచి ఏ కొత్త పనీ అడగలేదు. అందుకని నిలిచింది. పైపు ఎక్కడైనా పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. కాబట్టి బాగుచేసే మనిషి ఊళ్లోనే ఉండాలి.

నీళ్లు మారినంత మాత్రాన బిగుసుకున్న ఎముకలు తిరిగి రావు. నేను ఈ ఉత్తరంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే.

మర్రిగూడ మండలంలో ఒక కాక ఉన్నాడు. వెన్ను వంగి బిగుసుకుపోయింది, మెడ తిరగదు, మోకాళ్లు సగం దాకానే వంగుతాయి. ఇంటి ముందు సర్కారు ఇచ్చిన పన్నెండు వేలతో కట్టుకున్న లెట్రిన్ ఉంది. అందులో కింద కూర్చునే బేసిన్. ఆయన కూర్చోలేడు. ఆ గదిలో వంటచెరుకు పెట్టుకున్నారు. చిన్నమ్మే ఆయన్ను ఇంటి వెనకకు తీసుకుపోయి, రెండు చేతులూ పట్టుకుని నిలబెట్టుకునేది. ఆమెకు కూడా వయసు మీద పడ్డది. పట్నంలో ఉన్న కొడుకు ఒక ప్లాస్టిక్ సీటు కుర్చీ కొనుక్కొచ్చాడు. తుంటి వంగని మనిషి అందులో కూర్చుంటే ముందుకు జారిపోతున్నాడు.

నన్ను పిలిపించారు. కాక ఇంట్లో ఎక్కడ కూర్చుంటే సుఖంగా ఉంటాడని ముందు చిన్నమ్మను అడిగాను. "గా అరుగు మీదనే బిడ్డా, మూలకు ఆనుకోని" అన్నది. అరుగు కొలిస్తే ఇరవై రెండు అంగుళాలు. బయట దొరికే కుర్చీలు పద్దెనిమిది అంగుళాల దగ్గర ఉంటాయి. ఆయన ఇబ్బంది అంతా ఆ నాలుగు అంగుళాల్లో ఉంది. ఆ ఎత్తున టేకు కర్రతో కట్టు లేపి, సీటు ముందు అంచును వెనక కన్నా అంగుళం దించాను, తుంటి వంగకుండానే బరువు పాదాల మీదికి వస్తుందని. బిగించక ముందే ఆయన్ను కూర్చోబెట్టి చూశాం. కూర్చున్నాడు. లేచేటప్పుడు చేతులు ముందుకు వెతుక్కుంటున్నాయి. మనిషి లేవాలంటే ముందుకు ఒరగాలి కదా, పట్టు కూడా ముందుకు రావాలి. చేతికర్రలను సీటు దాటి ఐదంగుళాలు ముందుకు సాగించాను. ఆయన ఎడమ మోచెయ్యి మడతలోనే ఆగిపోయింది, కాబట్టి ఎడమ కర్ర కుడిదాని కన్నా మూడంగుళాలు ఎత్తు పెట్టాను. మెడ వంగదు, కింద పెట్టిన చెంబు ఆయనకు కనపడదు. కుడి చెయ్యి దానంతట అది ఆనే చోట చెంబుకు ఒక అర బిగించాను.

తలుపు లోపలికి తెరుచుకుంటున్నది. లోపల మనిషి పడితే ఆ తలుపు తెరవడం ఎవరి తరమూ కాదు, మనిషే దానికి అడ్డం. బందులు తిప్పి బయటికి తెరుచుకునేలా మార్చాను. లోపల వేసుకున్నా అవసరమైతే బయటి నుంచి తీయగలిగే గొళ్లెం పెట్టాను. కాలు తట్టుకునే గడపను మేస్త్రీతో కొట్టించాం. తర్వాత కూరగాయలకు వచ్చినప్పుడు చండూరు సంతలో చిన్నమ్మ కనపడ్డది. "ఇప్పుడు నన్ను పిలుస్తలేడు బిడ్డా, ఆయనే పోతుండు" అన్నది. పెళ్లయినప్పటి నుంచి ఆమె సంతకు నెమ్మదిగా రావడం ఎప్పుడూ లేదట, ఎప్పుడూ ఆదరాబాదరాగా పోవాల్సి వచ్చేదట.

ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఐదు లక్షలు విడతల వారీగా ఇస్తున్నది, ప్రతి విడతకూ ఫోటో తీసి ఎక్కిస్తున్నారు. ఆ ఫోటోల్లో బాత్రూం తలుపు ఎటు తెరుచుకుంటున్నదో చూపేది ఒకటి చేర్చమని కలెక్టరు గారిని, గృహనిర్మాణ శాఖను కోరుతున్నాను. గోడ లేపేటప్పుడే ముప్పావు అంగుళం జీఐ పైపు ముక్కను రెండు కొసలు వంచి, బేసిన్ పక్కన పాతితే పట్టుకునే కడ్డీ అయిపోతుంది. అయిపోయిన గోడకు తర్వాత పెట్టాలంటే టైల్స్ పగులుతాయి, ఎవరూ పెట్టరు. ఫ్లోరైడ్ బాధితులున్న ఊళ్లలో ప్రతి ఇంటికీ ఏ మనిషికి ఏ ఎత్తు కావాలో ఆశా కార్యకర్తలు అడిగి రాసుకుంటే, ఆ ఊరి వడ్రంగే చేసి ఇవ్వగలడు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు శిక్షణ ఇస్తున్నారు, పనిముట్లకు పదిహేను వేలు ఇస్తున్నారు. ఆ శిక్షణలో ఒక రోజు ఇలాంటి కుర్చీ, చేతికర్ర, మంచం ఎత్తు మార్చడం నేర్పండి. మాకు పని దొరుకుతుంది, ముసలోళ్లకు ఆసరా దొరుకుతుంది.

అప్పటిదాకా ఆగలేని ఇళ్లు ఉంటాయి. అందుకని ఆ కుర్చీ కొలతలు ఇక్కడే రాస్తున్నాను, స్థలం ఉంటే దయచేసి కత్తిరించకుండా వెయ్యండి. ఏ ఊరి వడ్రంగయినా చేసుకోవచ్చు. కాళ్లకు రెండంగుళాల చదరపు కర్ర. సీటు వెడల్పు పద్దెనిమిది, లోతు పదహారు అంగుళాలు. నడుమ రంధ్రం పొడవు తొమ్మిది, వెడల్పు ఏడు, అంచులు ఉలితో గుండ్రంగా తీసి గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి, ముసలి చర్మం తొందరగా గీరుకుపోతుంది. ఎత్తు మాత్రం నేను రాసింది పెట్టకండి. ఆ మనిషి ఇంట్లో తనంతట తాను ఎక్కడి నుంచి లేవగలుగుతున్నాడో ఆ అరుగునో, మంచాన్నో కొలిచి అదే పెట్టండి. చేతికర్రలు సీటు దాటి ఐదంగుళాలు రావాలి. వెనక కాళ్లు కిందికి పోయేకొద్దీ రెండంగుళాలు వెనక్కి సాగాలి, లేకపోతే ఆనుకున్నప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. కర్రకు రెండు పూతలు వార్నిష్ కొట్టి, ఆరాక బిగించండి. కాళ్ల అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి పక్కల నుంచి చిన్న మేకులు కొడితే తడి గచ్చు మీద జారదు.

ఇట్లు
ఒక వడ్రంగి,
చండూరు, నల్లగొండ జిల్లా